మా ఫ్యాక్టరీ వాళ్ళకు ప్రెజెంటేషన్ నేర్పడానికి వీఆర్ హెడ్‌సెట్లు కొనవచ్చా?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీలో హెచ్‌ఆర్ చూస్తున్నారు. షిఫ్ట్ ఇన్‌ఛార్జులు, క్వాలిటీ వాళ్ళు, కొత్తగా ప్రమోషన్ వచ్చినవాళ్ళు కలిపి 40 మంది దాకా ఉన్నారు. వాళ్ళకు పని బాగా తెలుసు. కానీ నెలవారీ రివ్యూలో ప్రొజెక్టర్ పక్కన నిలబెడితే గొంతు పెగలదు. ఆడిట్ రోజైతే ఇంకా కష్టం. ఈలోగా ఒక అమ్మకందారు వచ్చి ఆరు వీఆర్ హెడ్‌సెట్లు (కళ్ళకు కట్టుకుంటే ఎదురుగా హాలు, బొమ్మ శ్రోతలు నిజంగా ఉన్నట్టు చూపించే పరికరాలు) కొనమన్నాడు, క్లాసులో కంటే 4 రెట్లు వేగంగా నేర్చుకుంటారన్నాడు. కొనాలా, వద్దా?

సూటిగా చెప్తాను. కొనండి, కానీ ఆరు వద్దు, రెండు చాలు. ఆ రెండూ 40 మందికీ కాదు. పది జతల కళ్ళు ఒకేసారి తన మీద పడితే బిగుసుకుపోయే మనిషికి వీఆర్ నిజంగా పనిచేస్తుంది. చెప్పాల్సింది సర్దుకోవడం రానివాళ్ళకు, ఇంగ్లీషు దగ్గర ఆగిపోయేవాళ్ళకు అది పెద్దగా ఏమీ చేయదు. కాబట్టి ముందు మీ 40 మందిలో ఎవరు ఎక్కడ ఆగుతున్నారో తేల్చుకోవాలి.

నేను విజయనగరంలో ఉంటాను. పదిహేడేళ్ళుగా ఫ్యాక్టరీల్లో, బ్యాంకుల్లో, కాలేజీల్లో నలుగురి ముందు మాట్లాడటం నేర్పిస్తున్నాను. బొబ్బిలి, గరివిడి, రాజాం, మీ పైడిభీమవరం, అన్నీ తిరిగాను. గత నాలుగేళ్ళుగా వీఆర్ కూడా వాడుతున్నాను. కింద రాసేదంతా అలా చూసిందే.

తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష చాలా చిన్నది, ఖర్చు లేనిది. ఒక్కొక్కరినీ పిలిచి, తన పనిలో ఈ వారం వచ్చిన ఒక సమస్యను పది మంది ముందు మూడు నిమిషాలు తెలుగులో చెప్పమంటాను. తమ మాటల్లో, తమ యాసలోనే. తెలుగులో గడగడా చెప్పేసి, అదే విషయం ఇంగ్లీషులో అనేసరికి ఆగిపోతే, ఆ మనిషికి జనం భయం లేదు, భాష భయం ఉంది. అతనికి మంచి ఇంగ్లీషు మాస్టారు కావాలి, హెడ్‌సెట్ కాదు. తెలుగులో కూడా నోరు ఎండిపోయి, చూపు నేల మీదకు పోయి, రెండో వాక్యం దగ్గరే ఆగిపోతే, అప్పుడు వీఆర్ సంగతి ఆలోచించాలి. మూడో రకం ఇంకొకటి ఉంది. భయమూ ఉండదు, భాష ఇబ్బందీ ఉండదు, మూడు నిమిషాలు అయిపోయినా అసలు విషయం రాదు. అలాంటి ఒకాయన ఇరవై నిమిషాల మీటింగుకు 42 స్లైడ్లు తెచ్చాడు. ఆయన్ని హెడ్‌సెట్‌లో ఎన్ని గంటలు నిలబెట్టినా ప్రయోజనం లేదు. పక్కన కూర్చుని 42ను 6 చేశాం, అంతే, బాగుపడింది. ఈ పరీక్షకు మీకు రెండు రోజులు పడుతుంది. అది చేయకుండా మాత్రం ఏదీ కొనకండి.

ఇప్పుడు అసలు విషయం. హెడ్‌సెట్‌లో కనిపించే శ్రోతలు బొమ్మలని తెలుసు కదా, వాటి ముందు మాట్లాడితే భయం ఎందుకు పోతుంది అని చాలామంది మేనేజర్లు అడుగుతారు. ముందు అడగాల్సిన ప్రశ్న వేరు. బొమ్మలని తెలిసినా భయం ఎందుకు వస్తుంది? 2002లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో మెల్ స్లేటర్, పెర్టాబ్, బార్కర్ అనే పరిశోధకులు ఈ విషయం పరీక్షించి ప్రచురించారు. కంప్యూటర్ బొమ్మలతో మూడు రకాల శ్రోతలను తయారుచేశారు. ఒక రకం కదలకుండా కూర్చుంటారు, ఒక రకం మెచ్చుకుంటూ వింటారు, ఒక రకం విసుగు చూపిస్తారు. విసుగు చూపించే బొమ్మల ముందు, మామూలుగా ధైర్యంగా మాట్లాడేవాళ్ళు కూడా కంగారుపడ్డారు. ఎదురుగా ఉన్నది మనిషి కాదని బుద్ధికి తెలుసు, గుండెకు మాత్రం తెలియదు. మా దగ్గర మొదటిసారి హెడ్‌సెట్ పెట్టుకున్న ఒక కుర్రాడు అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "బొమ్మలని తెలుసు మేడమ్. అయినా నన్నే సూస్తన్నారు, గుండె దడదడలాడిపోతంది."

ఆ దడ వచ్చాక పారిపోకుండా అక్కడే నిలబడితే, కాసేపటికి అది దానంతటదే దిగుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ దిగుతుంది, ప్రతిసారీ కొంచెం తక్కువగా వస్తుంది. భయం చికిత్సలో మానసిక వైద్యులు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న పద్ధతే ఇది, భయపడేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనడం. మామూలుగా దీనికి పది మంది శ్రోతలను పది సార్లు కూర్చోబెట్టాలి. ఫ్యాక్టరీలో అది కుదరదు, ఎవరి షిఫ్ట్ వాళ్ళది. హెడ్‌సెట్‌లో మాత్రం ఆ పది మంది ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఉంటారు.

కానీ మన ప్రాంతంలో వీఆర్ పనిచేయడానికి నేను గమనించిన పెద్ద కారణం ఇది కూడా కాదు. తప్పు చేయడానికి ఒక చాటు దొరుకుతుంది. ఆలోచించండి, మీ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ రిహార్సల్ ఎవరి ముందు చేస్తాడు? మేనేజర్ ముందు చేస్తే అది రిహార్సల్ కాదు, పరీక్షే. తోటివాళ్ళ ముందు తడబడితే సాయంత్రం కంపెనీ బస్సులో అదే కబురు. రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఒకరికొకరు చుట్టాలో, ఊరివాళ్ళో అయి ఉంటారు. ఆ కబురు ఇంటిదాకా పోతుంది. అందుకే చాలామంది అసలు సాధనే చేయరు. రివ్యూ రోజు నిలబడటమే మొదటిసారి, నిలబడి భంగపడటమే రెండోసారి నిలబడకుండా చేస్తుంది. తలుపు వేసిన గదిలో, హెడ్‌సెట్ లోపల, ఇరవై సార్లు తడబడినా ఎవరికీ తెలియదు.

ఈ చాటు పోతే వీఆర్ వల్ల లాభం కూడా పోతుంది. ఒకచోట నా కళ్ళ ముందే అది జరిగింది. కంపెనీ పేరు అనవసరం. మొదటి నెల ఎంతో బాగా నడిచింది, కుర్రాళ్ళు షిఫ్ట్ అయిపోయాక కూడా వచ్చి సాధన చేసేవారు. తర్వాత పైనుంచి ఒకరు, హెడ్‌సెట్‌లోని సాధన యాప్ ఇచ్చే మార్కులన్నీ ఒక షీట్‌లో పెట్టి పంపమన్నారు, అప్రైజల్‌లో కలుపుదామన్నారు. నేను వద్దని గట్టిగానే చెప్పాను, వినలేదు. రెండో వారానికి గది ఖాళీ. వచ్చినవాళ్ళు కూడా తమకు బాగా వచ్చిన నాలుగు వాక్యాలే మళ్ళీ మళ్ళీ చెప్పి, మంచి మార్కు తెచ్చుకుని వెళ్ళిపోయేవారు. కష్టమైన శ్రోతలను ఎంచుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. మీరు హెచ్‌ఆర్‌లో ఉన్నారు కాబట్టి ఈ ఒక్క మాట నా వైపు నుంచి గట్టిగా వినండి. హెడ్‌సెట్‌లోని మార్కులు ఆ మనిషివి. మీరు చూడకూడదు, ఎవరికీ చూపించకూడదు. ముందే కాగితం మీద రాసి అందరికీ చెప్పండి. అది రాయడానికి మీ యాజమాన్యం ఒప్పుకోకపోతే, ఆ డబ్బు వేరేదానికి ఖర్చుపెట్టడమే మంచిది.

ఒక మనిషి సంగతి చెప్తాను. వయసు ముప్పై దాటింది, క్వాలిటీ విభాగం. సంక్రాంతికి ఊళ్ళో తప్పెటగుళ్ళు ఆడతాడు. గుండెల మీద తప్పెట కట్టుకుని, వందల మంది మధ్య గంటల తరబడి ఎగురుతూ పాడే మనిషి, ప్రొజెక్టర్ పక్కన నలభై సెకన్లు నిలబడలేకపోయాడు. మొదటి రోజు హెడ్‌సెట్ తీసేసి, "నా వల్ల కాదండి" అన్నాడు. నేను అడిగాను, అక్కడ జనం లేరా అని. ఉన్నారు, కానీ ఆ పాట చిన్నప్పటి నుంచి నోట్లో ఉంది, నోరు దానంతటదే పాడుతుంది అన్నాడు. నాకు కావలసిన జవాబు అదే. ఆయనకు మొత్తం ప్రెజెంటేషన్ ఇవ్వలేదు. మొదటి రెండు నిమిషాలు మాత్రమే, పల్లవిలాగా, హెడ్‌సెట్‌లో రోజుకు మూడుసార్లు చొప్పున వారం రోజులు చెప్పించాను. ఎవరికైనా భయం శిఖరానికి చేరేది ఆ మొదటి నిమిషాల్లోనే. అవి నోటికి పట్టేస్తే, భయం దిగే సమయానికి మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు. మూడో వారం తన విభాగం రివ్యూ తనే చెప్పాడు. మధ్యలో రెండుసార్లు స్క్రీన్ వైపు తిరిగిపోయాడు, చివర్లో తొందరపడ్డాడు. కానీ ఆగలేదు.

యాప్‌ల గురించి. వర్చువల్ స్పీచ్, ఒవేషన్ లాంటివి ఇందుకోసమే తయారైనవి. మీ స్లైడ్లు అందులో పెట్టుకోవచ్చు, హాలు పరిమాణం ఎంచుకోవచ్చు, ఎటువైపు ఎంతసేపు చూశారో చెప్తాయి, వేగం, ఊతపదాలు లెక్కపెడతాయి. బాగుంటాయి. కానీ రెండు చోట్ల మనకు సరిపోవు.

మొదటిది వేగం. నిమిషానికి 120 నుంచి 150 మాటలు మంచి వేగం అనే లెక్క ఇంగ్లీషుది. మన భాషలో "చెప్పలేకపోయాను" అనేది ఒక్క మాట, ఇంగ్లీషులో అదే నాలుగైదు మాటలు. ఆ లెక్కన తెలుగులో చక్కగా మాట్లాడేవాళ్ళందరూ నత్తనడక నడుస్తున్నట్టే కనిపిస్తారు. ఊతపదాలూ అంతే. "అంటే", "మరి", "అదే", "ఏంటంటే" అని మనవాళ్ళు వాక్యానికొకసారి అనేది నేను వాడిన యాప్‌లేవీ పట్టుకోలేదు. కాబట్టి తెలుగులో సాధన చేసేటప్పుడు ఆ అంకెలు పక్కన పెట్టి, ఫోన్‌లో గొంతు రికార్డు చేసి ఆ మనిషికే వినిపించండి. ఊతపదాలు తనే లెక్కపెట్టుకుంటాడు.

రెండోది చూపు. ఒక మహిళా సూపర్‌వైజర్‌కు యాప్ ప్రతిసారీ చూపు మార్కు తక్కువే ఇచ్చేది. అడిగితే, పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడకూడదని ఇంట్లో నేర్పారండీ అంది. అది తప్పని నేను చెప్పలేదు, చెప్పను కూడా. ఒక్కొక్కరి వైపు ఒక్కో వాక్యం చొప్పున చూడమన్నాను, కళ్ళలోకి కాకుండా కనుబొమల మధ్య. ఎదుటివాళ్ళకు ఆ తేడా తెలియదు, చెప్పేవాళ్ళకు మాత్రం ఎంతో తేలిక. హెడ్‌సెట్‌లో అది అలవాటు చేసుకోవడానికి ఆమెకు నాలుగు సిట్టింగులు పట్టింది.

నేను ఎక్కువగా వాడేది యాప్ శ్రోతలను కాదు, మీ హాలునే వీడియో తీసి వాడతాను. చుట్టూ అన్ని వైపులా ఒకేసారి తీసే 360 డిగ్రీల కెమెరా ఒకటి అద్దెకో సొంతానికో తెచ్చుకుని, మీ కాన్ఫరెన్స్ హాల్లో వక్త నిలబడే చోట, కంటి ఎత్తున స్టాండు మీద పెట్టండి. కుర్చీల్లో మీవాళ్ళనే, వాళ్ళు ఒప్పుకుంటేనే, కూర్చోబెట్టండి. మూడు వీడియోలు తీయండి, ఒక్కొక్కటి పది నిమిషాలు. ఒకదాంట్లో అందరూ శ్రద్ధగా వింటారు. రెండోదాంట్లో ఇద్దరు ఫోన్ చూసుకుంటారు, ఒకరు ఆవులిస్తారు, ఒకరు మధ్యలో లేచి వెళ్ళిపోతారు. మూడోదాంట్లో ఒకరు చెయ్యెత్తి ప్రశ్న అడుగుతారు. యాప్‌లో సూటు వేసుకున్న విదేశీ బొమ్మలు కనిపిస్తాయి. ఇక్కడ తను రోజూ చూసే గోడ, అదే ఏసీ, అదే ముఖాలు. మనవాళ్ళకు దడ ఎక్కువ వచ్చేది దీనిలోనే, ఉపయోగమూ అంతే ఎక్కువ. లోటు కూడా ఉంది. వీడియో కాబట్టి మీరు ఏం చెప్పినా వాళ్ళు మారరు, ముందుకు అడుగేస్తే హాలు కూడా మీతోపాటే కదిలినట్టు ఉండి తల తిరుగుతుంది. నిలబడిన చోటే నిలబడి, తల మాత్రం తిప్పమని చెప్పండి.

కొన్నాక ఎదురయ్యే చిన్న విషయాలు కొన్ని, ఇవి అమ్మేవాళ్ళు చెప్పరు.

ఫోన్‌కు గానీ కంప్యూటర్‌కు గానీ కట్టక్కర్లేకుండా సొంతంగా నడిచే రకమే తీసుకోండి, మెటా క్వెస్ట్ 3 లాంటివి. బరువు 515 గ్రాముల దాకా ఉంటుంది, బ్యాటరీ సుమారు రెండు గంటలు వస్తుంది. కరెంటు పోయినా నడుస్తుంది, కానీ గది చీకటైతే చుట్టూ ఏముందో కెమెరాలకు కనిపించక ఆగిపోతుంది. ఇన్వర్టర్ లైటు ఒకటి ఉండాలి. ఒక్కొక్కరికి పది పన్నెండు నిమిషాలు మించనివ్వకండి. మే నెలలో మన ఉక్కకు ముఖం మీది ఫోమ్ తడిసిపోతుంది, తుడవడానికి వీలైన కవర్లు వేయించండి, మనిషి మారినప్పుడల్లా తుడవండి. తలకు రాసుకున్న కొబ్బరినూనె పట్టీకి, అద్దాలకు అంటుకుని మసకబారుతుంది. మా దగ్గర పలుచని బట్ట టోపీలు ఉంచుతాం. కొప్పు పెట్టుకున్నవాళ్ళకు పట్టీ సరిగా కూర్చోదు, జడ వేసుకు రమ్మని ముందురోజే చెప్పండి. కళ్ళజోడు ఉంటే దాని అద్దం హెడ్‌సెట్ అద్దానికి రాసుకోకుండా మధ్యలో పెట్టే ముక్క వాడాలి. అన్నిటికంటే ముఖ్యం, కిటికీ పక్కన పెట్టకండి. ఎండ ఆ అద్దాల గుండా పడితే లోపలి స్క్రీన్ కాలిపోతుంది. మూర్ఛ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఎవరికైనా వికారంగా ఉంటే వెంటనే తీసేయాలి, ఓర్చుకోమని బలవంతం చేయకూడదు. అలాంటివాళ్ళకు వేరే దారి చూడాలి, అది వాళ్ళ లోపం కాదు.

ఇక ఆ 4 రెట్ల మాట. అది అబద్ధం కాదు, 2020లో పీడబ్ల్యూసీ అనే కన్సల్టింగ్ సంస్థ ఇచ్చిన నివేదికలోది. కానీ అక్కడ నేర్పింది ప్రెజెంటేషన్ కాదు, అందరినీ కలుపుకుపోయే నాయకత్వం గురించిన పాఠం. నేర్చుకున్నది అమెరికాలోని ఆ సంస్థ మేనేజర్లు. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది, అది మీకు ఎక్కువ పనికొస్తుంది. 375 మంది నేర్చుకుంటే గానీ వీఆర్ ఖర్చు క్లాసు ఖర్చుతో సమానం కాలేదు. మీ దగ్గర ఉన్నది 40 మంది, పరీక్ష పెట్టాక మిగిలేది బహుశా పది పదిహేను మంది. నేను రెండు చాలన్నది ఆ లెక్క చూసుకునే. మొదట్లో ఒకటైనా సరిపోతుంది.

హెడ్‌సెట్‌తో ఆపేయకండి. అందులో బాగా చెప్పిన మనిషి అసలు మనుషుల ముందు మళ్ళీ బిగుసుకుపోవడం నేను చూశాను. రెండో వారం చివర్లో ముగ్గురి ముందు, అదీ తను ఎంచుకున్న ముగ్గురి ముందు నిలబెట్టండి. తర్వాత ఎనిమిది మంది. ఆ తర్వాతే మేనేజరు. తెలుగులో నిలదొక్కుకున్నాకే ఇంగ్లీషులోకి మార్చండి. రెండు భయాలూ ఒకేసారి నెత్తిన పెడితే ఏదీ పోదు.

మీరు ఆడిట్ గురించి కూడా అడిగారు. అది ప్రెజెంటేషన్ కంటే వేరే విద్య. యూఎస్ ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. లోపం కనిపిస్తే చివరి రోజు ఫారం 483లో రాసి ఇస్తారు, 15 పనిదినాల్లో జవాబు ఆశిస్తారు. అలాంటి చోట మనవాళ్ళను దెబ్బతీసేది ప్రశ్న కాదు, ప్రశ్న తర్వాతి మౌనం. అడిగినదానికి జవాబు చెప్పాక కూడా ఆడిటర్ ఏమీ అనకుండా చూస్తూ ఉంటాడు. ఆ మౌనం భరించలేక మనవాడు అడగనివి కూడా చెప్పుకుంటూ పోతాడు, అందులో ఒకటి తనకు సరిగా తెలియనిది అవుతుంది. నిజం దాచమని నేను అనడం లేదు. తెలిసింది తెలిసినట్టు చెప్పి, తెలియనిది రికార్డు చూసి చెప్తానని ఆగమంటున్నాను.

దీనికి మూడో వీడియోనే కొంచెం మార్చండి. ప్రశ్న అడిగే మనిషిని, అడిగాక కెమెరావైపు ఒక నిమిషం అలాగే చూస్తూ ఉండమనండి. నవ్వకూడదు, తల ఊపకూడదు. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఒకటి రెండు వాక్యాల్లో జవాబు చెప్పి, ఆ నిమిషం పూర్తయ్యేదాకా నోరు మెదపకుండా ఉండాలి. మొదటిసారి ఎవరూ అలా ఉండలేరు. పదో సారికి చాలామంది ఉండగలుగుతారు. కెమెరాను మాత్రం ఆడిటర్ ఎదుట మీవాళ్ళు కూర్చునే కుర్చీలోనే పెట్టండి, కూర్చున్న మనిషి కంటి ఎత్తు సరిగ్గా కొలుచుకుని.